ఉన్నత పాఠశాలలకు గణిత చరిత్ర కిట్టు: వస్తువులు విలువైనవి, కరపుస్తకం కాదు

మహబూబ్‌నగర్ జిల్లాలో దేవరకద్రకు సమీపంలో ఉన్న మా ఉన్నత పాఠశాలకు పూర్వ విద్యార్థులు కొందరు కలిసి ఈ విద్యా సంవత్సరం మొదట్లో ఒక గణిత చరిత్ర కిట్టును కొని ఇచ్చారు. హైదరాబాదులో తయారయ్యే ఈ కిట్టు ధర 3,500 రూపాయలు. చెక్కపెట్టెలో ఒక మట్టి ఫలకం నమూనా, పొట్లం కట్టిన మట్టి, దానిపై గుర్తులు వేయడానికి చెక్క పుల్లలు, ముడులు వేసిన తాడు, ఎరుపు నలుపు రంగుల లెక్కపుల్లలు, నేపియర్ పట్టీలు, అంకెల ప్రయాణాన్ని చూపే పటం, గణితవేత్తల బొమ్మలున్న కార్డులు, ఒక కరపుస్తకం ఉంటాయి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలతో వీటన్నింటినీ వాడిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. చేతితో పట్టుకొని చేయడానికి ఏదైనా ఇచ్చిన ప్రతిచోటా ఈ కిట్టు ఒక గణిత భావన ఎలా పుట్టిందో, ఎక్కడ తడబడిందో, ఎన్ని శతాబ్దాలకు కుదుటపడిందో పిల్లలకు నిజంగా చూపిస్తుంది. చేతికి ఏమీ ఇవ్వకుండా, ఫలానాది ఫలానావారు మొదట కనుగొన్నారని చెప్పి ఊరుకున్న చోట మాత్రం పరీక్షల కోసం బట్టీపట్టే ఒక మార్కు ప్రశ్నల స్థాయిని దాటదు.

మట్టి ఫలకంతో మొదలుపెడతాను, ఎందుకంటే పెట్టెలో అన్నింటికంటే మంచి వస్తువు అదే. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో భద్రపరచిన బాబిలోనియా ఫలకానికి ఇది నమూనా. క్రీ.పూ. 1800కు, 1600కు నడుమ ఎవరో దక్షిణ ఇరాక్ ప్రాంతంలో అరచేతిలో ఇమిడే మట్టి బిళ్ళపై ఒక చతురస్రాన్ని, దాని రెండు కర్ణాలను గీసి, భుజం పక్కన 30 అని, కర్ణం మీద 1, 24, 51, 10 అని మేకుల్లాంటి గుర్తులతో రాశారు. వారిది అరవై ఆధారంగా నడిచే లెక్క కనుక ఆ నాలుగు సంఖ్యలను 1 + 24/60 + 51/3600 + 10/216000 అని చదువుకోవాలి. కూడితే 1.414213 వస్తుంది. రెండు వర్గమూలం విలువ 1.4142136 అని తెలిసిన పదో తరగతి పిల్లలు ఈ కూడిక తామే చేసి, ఫలితాన్ని పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు తరగతిలో వచ్చిన నిశ్శబ్దం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. కర్ణం కిందనే 42, 25, 35 అనే మరో వరుస ఉంటుంది. భుజం 30 అయితే కర్ణం ఎంత అనే ప్రశ్నకు అది జవాబు. అంటే ఆ ఫలకం రాసినవారికి ఒక్క చతురస్రం పొడవే కాదు, ఏ చతురస్రానికైనా పనికొచ్చే ఒక గుణకం తెలుసన్నమాట.

నమూనాను చూడటం కంటే తడి మట్టిపై పిల్లలు సొంతంగా రాయడం వల్ల కలిగిన ప్రయోజనం ఎక్కువ. కిట్టుతో వచ్చిన మట్టి ఒక తరగతికే అయిపోయింది. మా చుట్టుపక్కల దొరికే నల్లరేగడి ఎండితే పగుళ్ళు బారుతుంది కాబట్టి ఊరి కుమ్మరి దగ్గర కుండలకు వాడే మట్టి తెప్పించుకున్నాము, అది చక్కగా కుదిరింది. ఒకటికి నిలువు మేకు గుర్తు, పదికి కోణం గుర్తు, అంతకు మించి గుర్తులు లేవు. అరవై ఒకటి రాయమంటే పిల్లలు ఒక మేకు, కొంచెం ఎడం, మరో మేకు వేశారు. పక్క వరుసలోని అబ్బాయి ఆ బిళ్ళను తీసుకొని "గిది రెండా సార్, అరవయ్యొకటా?" అని అడిగాడు. బాబిలోనియా లేఖకులకు ఎదురైన చిక్కు అచ్చంగా ఇదే. ఒకటికీ అరవైకీ గుర్తు ఒకటే, ఖాళీ స్థానం ఉందో లేదో చెప్పేది మధ్యనున్న ఎడం మాత్రమే. సందర్భాన్ని బట్టి చదువుకుంటూ వారు వెయ్యేళ్ళకు పైగా నెట్టుకొచ్చారు. క్రీ.పూ. 300 ప్రాంతానికి ఆ ఖాళీలో ఏటవాలుగా రెండు మేకులు వేసే అలవాటు స్థిరపడింది. అది ఖాళీని సూచించే గుర్తే తప్ప కూడటానికీ గుణించడానికీ వీలైన సంఖ్య కాదు. ఈ తేడాను మాటల్లో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు అంటదు. మట్టి బిళ్ళ మీద తగవు వచ్చాక చెప్పనవసరం లేకపోయింది.

ఇంత బాగా మొదలైన సున్నా కథను కరపుస్తకం ఒక్క వాక్యంతో పాడుచేసింది. శూన్యాన్ని ఆర్యభటుడు కనుగొన్నాడని రాసి, పక్కన ఆయన బొమ్మ వేశారు. ఆర్యభటుని కాలంలో గీసిన చిత్రమేదీ మనకు లేదు, ఆ ముఖం చిత్రకారుని ఊహ. బొమ్మ సంగతి వదిలేసినా వాక్యం సరైనది కాదు. 499లో, తన ఇరవై మూడో ఏట, ఆర్యభటుడు ఒక్కో స్థానం దాని ముందున్న స్థానానికి పదిరెట్లని స్పష్టంగా చెప్పాడు. కానీ సంఖ్యలను అక్షరాలతో రాసే ఆయన పద్ధతికి సున్నా గుర్తు అవసరమే రాలేదు. సున్నాను ఒక సంఖ్యగా తీసుకొని, దానితో కూడితే ఏమవుతుంది, తీసివేస్తే ఏమవుతుంది, ధన ఋణాలతో గుణిస్తే ఏమవుతుంది అని సూత్రాలు రాసినది 628లో బ్రహ్మగుప్తుడు. ఆయన చెప్పినవాటిలో దాదాపు అన్నీ ఈనాటికీ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, ఒక్క భాగహారం దగ్గర మాత్రం తడబడ్డాడు. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా వస్తుందన్నాడు. రమారమి 850లో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే ఆ సంఖ్య మారకుండా అలాగే ఉంటుందన్నాడు. 1150లో భాస్కరాచార్యుడు అలాంటి రాశికి ఖహరమని పేరుపెట్టి, అది అనంతమన్నాడు. సున్నాతో భాగించడం గురించి అయిదు వందల ఏళ్ళలో ముగ్గురు మహాపండితులు మూడు జవాబులు ఇచ్చారు. తయారీదారులు ఈ మూడింటినీ మూడు కార్డులుగా వేసి ఉంటే పెట్టె విలువ రెట్టింపయ్యేది.

ఆ కార్డులను మేమే అట్టముక్కలపై రాసుకొని తొమ్మిదో తరగతిలో ఉపయోగించాము. పన్నెండును సున్నాతో భాగిస్తే ఎంతని అడిగితే, ఒక అమ్మాయి లేచి "ఎవ్వరికీ పంచకపోతే ఉన్నయన్నీ మన దగ్గర్నే ఉంటయ్ కద సార్" అన్నది. మహావీరుని జవాబు అదే, ఆ ఆలోచన వెనుక ఉన్న తర్కం కూడా బహుశా అటువంటిదే. భాగహారం సరైనదో కాదో గుణించి సరిచూసుకోవాలన్న నియమం గుర్తుచేసి, పన్నెండును సున్నాతో గుణిస్తే మళ్ళీ పన్నెండు రావాలి కదా అన్నప్పుడు ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి తన జవాబును తానే వెనక్కి తీసుకున్నది. తరువాత పన్నెండును 1తో, సగంతో, పదో వంతుతో, నూరో వంతుతో భాగించి చూశారు. 12, 24, 120, 1200 అని జవాబు పెరుగుతూ పోతుంటే భాస్కరుడు అనంతమని ఎందుకన్నాడో వారికే తోచింది. అయితే అనంతాన్ని సున్నాతో గుణించినా కచ్చితంగా పన్నెండే వస్తుందని చెప్పలేము కాబట్టి ఆ భాగహారానికి అసలు అర్థమే ఇవ్వకూడదని నేటి గణితం తీర్మానించిందని చెబితే, పిల్లలు దానిని బలవంతపు నిషేధంగా కాక, అన్ని దారులూ వెతికిన తరువాత మిగిలిన నిర్ణయంగా తీసుకున్నారు. మహావీరుడు తప్పు చెప్పాడని తెలిసినందువల్ల ఆయన మీద వారికి గౌరవం తగ్గలేదు, తమలాగే ఆలోచించాడని తెలిసి పెరిగింది.

మహావీరుని పేరు వచ్చింది కనుక ఈ కిట్టులో నాకు అన్నింటికంటే బాధ కలిగించిన లోపాన్ని ఇక్కడే చెప్పాలి. తెలుగు పిల్లల కోసం తెలుగులో తయారైన ఈ పెట్టెలో పావులూరి మల్లన పేరు ఎక్కడా లేదు. మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన మల్లన రాజరాజ నరేంద్రుని కాలంవాడని చెబుతారు. చదరంగం గడుల్లో మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గడులకూ కలిపి వచ్చే మొత్తాన్ని ఒకే పద్యంలో పొదిగిన ఘనత ఆయనది. శర అంటే ఐదు, శశి అంటే ఒకటి, షట్క అంటే ఆరు, చంద్ర అంటే ఒకటి, ఇలా ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపుకు అంకెలు వేసుకుంటూ పోవాలి. రంధ్రాలు తొమ్మిది, వియత్తు అంటే ఆకాశం కనుక సున్నా, వేదాలు నాలుగు, కుంజరం అంటే దిగ్గజాలు కనుక ఎనిమిది, చివరిదైన తుహినాంశుడు చంద్రుడే కనుక మళ్ళీ ఒకటి. మా తెలుగు పండితులు నల్లబల్లపై పద్యం రాసి ఒక్కో మాటా విడదీస్తుంటే, పిల్లలు కింద అంకెలు వేసుకుంటూ వెళ్ళి 18446744073709551615 దగ్గర ఆగారు. ఆ సంఖ్య 2ను 64 సార్లు గుణించి ఒకటి తీసివేస్తే వచ్చేదేనని పదో తరగతి శ్రేఢుల పాఠంలో వారు నేర్చుకున్న సూత్రంతోనే సరిచూశారు. సున్నాతో సహా స్థాన విలువలు ఒక సమాజంలో ఎంతగా ఇంకిపోతే పద్యంలోకి ఎక్కుతాయో చూపడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఇది ముద్రించడానికి ఒక్క కార్డు చాలు.

తాడు విషయంలో వస్తువుకూ సమాచారానికీ రెండింటికీ మరమ్మతు అవసరం. పన్నెండు సమభాగాలుగా ముడులు వేసిన నూలు తాడు ఇచ్చారు, నాలుగు రోజులు ఎండలో వాడేసరికి ముడులు జారి భాగాలు సమానంగా ఉండటం లేదు. గట్టి పురితాడుతో మళ్ళీ చేసుకున్నాము. మూడు, నాలుగు, ఐదు భాగాల త్రిభుజంతో ఈజిప్టు వారు పిరమిడ్ల మూలలు లంబంగా వేశారని కరపుస్తకం నిర్ధారణగా రాసింది. ఇది పందొమ్మిదో శతాబ్దిలో మోరిట్జ్ కాంటర్ అనే జర్మన్ చరిత్రకారుడు చేసిన ఊహ, ఈజిప్టు రాతల్లో దీనికి నేరుగా ఆధారం దొరకలేదు. తాడుతో లంబకోణం వేసే పద్ధతులు రాతలో ఉన్నవి యజ్ఞ వేదికల కొలతలు చెప్పే మన శుల్బ సూత్రాల్లో. దీర్ఘచతురస్రం కర్ణంపై ఏర్పడే వైశాల్యం రెండు భుజాలపై ఏర్పడే వైశాల్యాల మొత్తమని ఆ సూత్రకారుల్లో ఒకరైన బౌధాయనుడు చెప్పి, 3–4, 12–5, 15–8, 7–24, 12–35, 15–36 జతలను ఉదాహరణగా ఇచ్చాడు. రెండు వర్గమూలానికి ఆయన ఇచ్చిన 1 + 1/3 + 1/12 − 1/408 కూడితే 1.4142157 వస్తుంది. బాబిలోనియా ఫలకంలోని విలువ పక్కన దీనిని రాయించండి, రెండూ ఐదు దశాంశ స్థానాల వరకు కలుస్తాయి, దారులు మాత్రం పూర్తిగా వేరు. బౌధాయనుడు ఫలితం చెప్పాడు, నిరూపణ రాయలేదు. ఫలితాన్ని కొన్ని ఒప్పుకోళ్ళ నుంచి మెట్టుమెట్టుగా రాబట్టి చూపాలన్న పట్టుదల క్రీ.పూ. 300 ప్రాంతపు గ్రీకు గణితవేత్త యూక్లిడ్‌లో కనిపిస్తుంది. ఎవరు ముందన్న పోటీలో ఈ రెండు అవసరాల మధ్య ఉన్న తేడా మరుగునపడిపోతుంది. ఒకరికి వేదిక కట్టాలి, మరొకరికి సందేహం తీరాలి.

ఈ పాఠానికి ఊళ్ళో ఇల్లు కడుతున్న మేస్త్రీని పిలిచాము. మూలమట్టం సరిపోనంత పెద్ద పునాది అయితే ఒక వైపు మూడడుగులు, మరో వైపు నాలుగడుగులు గుర్తుపెట్టి, ఐమూలగా ఐదడుగులు వచ్చేదాకా దారం జరుపుతానని ఆయన చేసి చూపించారు. కొలత గురించి మాట్లాడేటప్పుడు మన భూముల లెక్క కూడా చెప్పవచ్చు. రెవెన్యూ సర్వేలో వాడిన గొలుసు పొడవు 33 అడుగులు, అందులో 16 లింకులు. ఆ గొలుసు భుజంగా ఉన్న చతురస్రమే మన గుంట, అంటే 121 చదరపు గజాలు. ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ 1620లో రూపొందించిన గొలుసు పొడవు 66 అడుగులు, దానితో పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన గొలుసు దానిలో సగం కనుక గుంట నాలుగో వంతు, అందుకే నలభై గుంటలు ఎకరమయ్యాయి. పట్టాదారు పాసుపుస్తకం ఇంట్లో ఉన్న ప్రతి పిల్లవాడికీ తెలిసిన నలభై వెనుక ఇంత రేఖాగణితం ఉంది. తయారీదారులు మలి ముద్రణలో తాడు పక్కన చిన్న గొలుసు నమూనా కూడా పెడితే దక్షిణ తెలంగాణ బడుల్లో తప్పకుండా ఆదరిస్తారు.

ఎరుపు నలుపు లెక్కపుల్లల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. చైనావారు ధన సంఖ్యలకు ఎరుపు, ఋణ సంఖ్యలకు నలుపు వాడారు, 263లో గణితవేత్త లియు హుయీ రాసిన వ్యాఖ్యలో ఈ విషయం ఉంది. కూడిక, తీసివేతలకు పుల్లలు బాగా పనికొస్తాయి. అప్పును కొట్టివేస్తే లాభమేనని పిల్లలు వెంటనే పట్టుకుంటారు. రెండు ఋణ సంఖ్యల లబ్ధం ధనం ఎందుకవుతుందో మాత్రం అప్పుల భాషలో చెప్పలేము, కరపుస్తకం ఆ ప్రశ్నను తప్పించుకుంది. 3, 2, 1, 0 లను వరుసగా −2తో గుణించి −6, −4, −2, 0 అని పుల్లలు పేర్పించి, తరువాతి మెట్టు ఏమిటని అడిగితే జవాబు వారే చెబుతారు. 1758లో కూడా ఫ్రాన్సిస్ మాసెరెస్ అనే ఆంగ్లేయుడు ఋణ సంఖ్యలను బీజగణితం నుంచి తీసివేయాలని పుస్తకం రాశాడని చెప్పండి, ఆ పాఠం అంటే భయపడే పిల్లలకు ధైర్యం వస్తుంది.

నేపియర్ పట్టీలు పిల్లలకు అన్నింటికంటే నచ్చాయి. స్కాట్లాండుకు చెందిన జాన్ నేపియర్ తాను మరణించిన 1617వ సంవత్సరంలోనే వీటిని ప్రచురించాడు. ఒక్కో పట్టీపై ఒక అంకె ఎక్కం ఉంటుంది, ప్రతి గడినీ ఒక ఏటవాలు గీత రెండుగా చీల్చి పదులను పైన, ఒకట్లను కింద ఉంచుతుంది. 425ను 6తో గుణించాలంటే 4, 2, 5 పట్టీలను పక్కపక్కన పేర్చి ఆరో వరుస చూడాలి. అక్కడ 2/4, 1/2, 3/0 కనిపిస్తాయి, ఏటవాలుగా కూడితే 2, 4+1, 2+3, 0, అంటే 2550. ఈ జల్లెడ గుణకారం నేపియర్ కంటే పాతది, 1478లో ఇటలీలోని ట్రెవీసోలో అచ్చయిన వ్యాపార గణిత పుస్తకంలోనూ ఉంది. నేపియర్ చేసిన పనల్లా కాగితం మీది గళ్ళను కదిలే కర్రల మీదకు ఎక్కించడం. మాకు వచ్చిన జతలో 8 పట్టీపై ఏడో వరుసలో 5/6కు బదులు 5/4 అని అచ్చయింది. అది కనిపెట్టింది ఎనిమిదో తరగతి పిల్లలే. 1821లో ఖగోళ పట్టికలను సరిచూస్తూ వరుసగా తప్పులు దొరికి విసిగిపోయిన ఇంగ్లండు గణితవేత్త చార్లెస్ బాబేజ్, లెక్కలు యంత్రం చేస్తే బాగుండునని తలచి మరుసటి ఏడే భేద యంత్రాన్ని (డిఫరెన్స్ ఇంజిన్‌ను) ప్రతిపాదించిన సంగతి చెప్పడానికి ఆ అచ్చుతప్పే సందర్భం కల్పించింది. అయినా తప్పు తప్పే. సంస్థకు రాస్తే మారు పట్టీ పంపారు.

అంకెల పటం చూడటానికి బాగుంది. భారతదేశం నుంచి బాగ్దాదుకు, అక్కడి నుంచి ఉత్తర ఆఫ్రికా మీదుగా 1202లో ఇటలీ గణితవేత్త ఫిబొనాచ్చి పుస్తకంతో పీసాకు బాణం గుర్తులు వేశారు. 1299లో ఫ్లారెన్సు నగర డబ్బు మారకం వ్యాపారుల సంఘం లెక్క పుస్తకాల్లో ఈ అంకెలను వాడరాదని నిషేధించిన విషయం కూడా చేర్చి ఉంటే, ఆ బాణాలు అంత నున్నగా సాగలేదని పిల్లలకు తెలిసేది. తూర్పు దిక్కున పటం ఖాళీగా ఉండటం పెద్ద లోపం. శక సంవత్సరం 605ను, అంటే 683ను, సున్నా స్థానంలో చుక్కతో చెక్కిన శాసనం కంబోడియాలో ఉంది. మన దేశంలో 270 అనే సంఖ్యలో గుండ్రటి సున్నా కనిపించే గ్వాలియర్ శాసనం అంతకు తరువాతిది, 876 నాటిది.

మాధవుని కార్డు నన్ను నిరాశపరిచింది. పద్నాలుగో శతాబ్దిలో కేరళలోని సంగమగ్రామంలో ఉన్న ఈ మహానుభావునికి ఒక ఊహాచిత్రం, రెండు పొగడ్తల వాక్యాలు కేటాయించారు. 1 − 1/3 + 1/5 − 1/7 అని సాగే శ్రేణిని నాలుగుతో గుణిస్తే పై (π) విలువ వస్తుందన్నది ఆయన సంప్రదాయంలోని ఫలితం, యూరపులో ఇది 1670ల్లో వెలువడింది. ఫోనులోని కాలిక్యులేటరుతో పది పదాలు కూడితే 3.0418 వస్తుంది, వంద పదాలు కూడినా 3.1316 దగ్గరే ఉంటాము. ఇంత నెమ్మదైన శ్రేణి ఎందుకు పనికొస్తుందని పిల్లలు అడగాలి, అడుగుతారు కూడా. అప్పుడు ఆ సంప్రదాయంవారే ఇచ్చిన సవరణ చూపించాలి. పది పదాల మొత్తానికి 40/401 కలిపితే ఒక్కసారిగా 3.14159కి చేరుతాము. మిగిలిపోయిన అనంత భాగం సుమారు ఎంత ఉంటుందో అంచనా కట్టగలగడమే అక్కడి అసలు ఆలోచన. ఆ ఒక్క లెక్క కార్డు వెనుక వేస్తే చాలు, పొగడ్తలు అక్కరలేదు.

ఇన్ని లోపాలు చెప్పినా ఈ కిట్టును కొనమనే నా సలహా. నారాయణపేట, వనపర్తి, గద్వాల వైపు బడుల నుంచి అడిగిన ఉపాధ్యాయ మిత్రులకూ ఇదే చెప్పాను. పెట్టె, ఫలకం, పుల్లలు, పట్టీలు ఎన్నేళ్ళయినా నిలిచేంత గట్టిగా ఉన్నాయి, కరపుస్తకం అచ్చు పెద్దగా, భాష సులభంగా ఉంది, కానీ ఉపాధ్యాయుడు సరిచూడకుండా దానిని నేరుగా పిల్లల చేతికి ఇవ్వరాదు. ఆరు, ఏడు తరగతుల వారికి మట్టి, తాడు, లెక్కపుల్లలు చాలు, మిగిలినవి ఎనిమిదో తరగతి నుంచి వాడుకోవచ్చు. నేపియర్ పట్టీలు విడిగా కూడా అమ్ముతున్నారు. ఒక జతతో నలుగురికి మించి పని చేయలేరు కనుక నలభై మంది ఉన్న తరగతికి కనీసం మరో తొమ్మిది జతలు తెప్పించుకోండి, వచ్చిన వెంటనే ప్రతి పట్టీని ఎక్కంతో సరిచూడండి.